గంటగంటకీ కారీ

సెప్టెంబర్ 9

ఫెబీ పోరు పడలేక ఇది మొదలుపెట్టాను. "ఎవరికీ చూపించక్కర్లేదు మమ్మీ, జస్ట్ రాయి" అంది. ప్లేనోలో కూర్చుని ఫోన్‌లో చెప్పడం తేలికే. అది తెలుగు చదవలేదు. ఈయన ఇంకొకరి కాగితాలు ముట్టుకోరు. కాబట్టి ఏమైనా రాసుకోవచ్చు.

ఊళ్ళో కంట్రీ మ్యూజిక్ రేడియో స్టేషన్ నడిపే డేల్ ఈ రోజు హాస్పిటల్ ఫార్మసీలో ఈయన్ని పట్టుకున్నాడట. నవంబర్‌కి స్టేషన్‌కి డెబ్భై ఏళ్ళు నిండుతాయి, చిన్న పుస్తకం వేయాలి, చరిత్ర రాసిపెట్టే మనిషి కావాలన్నాడట. "మా ఆవిడ ఇండియాలో హిస్టరీ చెప్పేది" అని ఈయన నన్ను అడక్కుండానే ఒప్పుకుని వచ్చేశారు. నరసాపురంలో ఇంటర్ పిల్లలకి మూడేళ్ళు చెప్పాను. అదీ పెళ్ళికి ముందు.

"ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు లూసీ" అన్నారు.

ఏం చేస్తానో ఆయనకి తెలుసు.

మావాడు ఎవాన్ ఫోన్‌లో పెట్టిన చివరి వాయిస్ మెసేజ్ ఒకసారి విన్నాను. రోజూ వినను.

సెప్టెంబర్ 11

స్టేషన్‌కి వెళ్ళాను. హైవే పక్కన ఇటుకల గది, వెనక పచ్చిక బయల్లో టవరు, టవరు నీడలో పడుకున్న ఆవులు. లోపల గోడలకి కూడా కార్పెట్ అంటించి ఉంది. ఒకప్పుడు పదకొండు మంది పనిచేసేవారట. ఇప్పుడు డేల్, ఒక కంప్యూటరు. పొద్దున్న మాత్రం డేల్ స్వయంగా మాట్లాడతాడు. పశువుల ధరలు, స్కూల్లో ఆ రోజు భోజనం, తప్పిపోయిన కుక్కలు, చనిపోయినవాళ్ళ పేర్లు. మిగతా రోజంతా కంప్యూటరే పాటలు వేసుకుంటుంది.

డేల్ పాత టేపులు, కాగితాల పెట్టెలు చూపిస్తుండగా గంట పూర్తయింది. పాట ఆగి ఒక చిన్నపిల్ల గొంతు వచ్చింది. స్టేషన్ పేరు, ఊరి పేరు చెప్పి, చివర "ఎక్కడికీ వెళ్ళకండి, ఇప్పుడే వచ్చేస్తా" అంది. ముద్దుగా, కొంచెం ముక్కుతో. ఈ గొంతు నాకు కొత్త కాదు. బ్యాంకులో, పళ్ళ డాక్టరు దగ్గర, గ్రోసరీలో ఎన్నిసార్లు విన్నానో. ఎవరో ఈ ఊరి పిల్లే అనుకున్నాను, ఇప్పటి పిల్ల.

"ఎవరి పాప?" అని అడిగాను.

"వెండెల్ గారి అమ్మాయి కారీ, మిస్ లూసీ. ఈ స్టేషన్ వెండెల్‌దే కదా, ఆయన మా మేనమామ. కారీ ఎనిమిదేళ్ళప్పుడు రికార్డ్ చేశారు. ఆ వారమే వాగు పొంగి కొట్టుకుపోయింది. నలభై ఏళ్ళు దాటింది." డేల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "వెండెల్ పోయేదాకా ఆ టేపు మార్చనివ్వలేదు. ఇప్పుడు ఊరే మార్చనివ్వదు."

ఇంటికి వచ్చి వంటింట్లో రేడియో పెట్టాను.

సెప్టెంబర్ 15

ఫోన్ పాతబడింది. మార్చమని ఫెబీ గోల. మారిస్తే పోతుందేమోనని భయం. అందుకే ఎవాన్ మెసేజ్ ఇక్కడ రాసి ఉంచుకుంటున్నాను.

"మమ్మీ, రైస్‌కి వాటర్ ఎంత పెట్టాలి? వన్ కప్ రైస్‌కి. యూట్యూబ్‌లో వేరేలా చెప్తున్నారు. కాల్ మీ, ఓకే?"

హాస్టల్ వదిలి అపార్ట్‌మెంట్‌కి మారిన మొదటి వారం. నేను ప్లేనోలో, మన తెలుగు చర్చిలో, క్వయిర్ ప్రాక్టీస్‌లో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. చూసేసరికి ఆలస్యమైంది, పడుకుని ఉంటాడులే అనుకున్నాను. తెల్లారి ఆదివారం. ఆరాధనకని సైకిల్ మీద బయల్దేరాడు. ట్రక్ అతను చూడలేదన్నాడు.

వాడు ఆ రాత్రి తిన్నాడో లేదో.

ఇది రాయడానికి మెసేజ్ స్పీకర్‌లో పెట్టి నాలుగైదు సార్లు విన్నాను. ఈయన లేచి చెత్త బయట పెట్టడానికి వెళ్ళారు. చెత్త నిన్ననే పెట్టారు. ఈయనకి కొడుకు గొంతు వినడం ఇష్టం ఉండదు. మగవాళ్ళు తొందరగా మర్చిపోతారు.

సెప్టెంబర్ 17

పెట్టెల్లో మునిగిపోయాను. చాలా రోజులకి మధ్యాహ్నం ఆకలి వేసింది.

వెండెల్ వాళ్ళ నాన్న పశువుల దాణా కొట్టు మేడ మీద ఈ స్టేషన్ మొదలుపెట్టాడు. మొదటి రోజు ముగ్గురు అన్నదమ్ములు ఫిడేళ్ళతో వచ్చి పాడుతుంటే చిన్నవాడి తీగ తెగింది. వాడు కొత్త తీగ బిగించుకునేదాకా ఊరంతా ఆ బిగించుకోవడాన్నే విన్నదట. తర్వాత వెండెల్ కాలం. టోర్నడో వచ్చిన ఏడాది పాటలు ఆపేసి, బతికి బయటపడ్డ కుటుంబాల పేర్లు రెండు రోజులు చదువుతూనే ఉన్నాడు. తమ పేరు చదివించుకోవడానికి జనం ఇక్కడికి నడిచి వచ్చేవారట. శనివారాలు స్కూలు హాల్లో పాటకచేరీలు. తర్వాత పత్తి పోయింది, మిల్లు మూసేశారు, పెద్ద హైవే ఊరిని తప్పించుకుని పోయింది. స్టేషన్ మాత్రం మిగిలింది.

ఈ పాటలు మొదట్లో నాకు అన్నీ ఒకేలా ఉండేవి. ఇప్పుడు ఆ స్టీల్ గిటారు జారుతుంటే చెయ్యి ఆగిపోతుంది. అందులో అందరూ ఎవర్నో ఒకర్ని పోగొట్టుకున్నవాళ్ళే.

డేల్ ఒక మాట చెప్పాడు. ఎవాన్ పేరు కూడా రేడియోలో తనే చదివాడట. సరిగ్గా పలకాలని ఈయనకి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పించుకున్నాడట. నాకు తెలియదు. ఈయన చెప్పలేదు.

సెప్టెంబర్ 22

చర్చి నుంచి కారులో వస్తుంటే, మా ఊరు కోల్టర్ ఇంకా చాలా దూరం ఉండగానే స్టేషన్ అందింది. ముందు గరగర, తర్వాత కారీ. "ఇప్పుడే వచ్చేస్తా." నాకు తెలియకుండానే "సరేనమ్మా" అన్నాను.

ఈయన నా వైపు చూశారు.

సెప్టెంబర్ 28

గ్రోసరీలో ఒక వింత. కారీ వాళ్ళ అమ్మ నోరీన్ కనిపించింది. డెబ్భై ఎనిమిదేళ్ళుంటాయి. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, వెండి జడ. పలకరిద్దామని దగ్గరికి వెళ్ళేలోపు చేతి గడియారం చూసుకుని, సగం నిండిన కార్ట్‌ని అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. అద్దాల్లోంచి చూశాను. పార్కింగ్‌లో ఎండలో ఊరికే నిలబడి ఉంది. ఇక్కడ లోపల రేడియోలో కారీ మాట్లాడింది. వార్తలై పాట మొదలయ్యాక నోరీన్ లోపలికొచ్చి, వదిలిన చోటే కార్ట్ పట్టుకుంది.

కౌంటర్ దగ్గరి అమ్మాయిని అడిగితే, "ఆవిడెప్పుడూ అంతే. మంచావిడే కానీ ఓ రకం" అంది.

కూతురి మాట ఏకాంతంగా వినాలని కాబోలు బయటికి వెళ్తుంది. బయట కూడా స్పీకరు ఉందేమో. చూడాలి.

సెప్టెంబర్ 29

బయట స్పీకరు లేదు.

అక్టోబర్ 3

డేల్ దిగులుగా ఉన్నాడు. కారీ మాటలున్న అసలు టేపు పొడి రాలుతోంది. కంప్యూటర్ గంటగంటకీ నడిపే కాపీ టేపులో ఏటికేడు గరగర ఎక్కువవుతోంది. "ఇంకొన్నాళ్ళకి వినపడదు" అన్నాడు.

వెంటనే ఫెబీకి ఫోన్ చేశాను. దాని ఆఫీసులో ధృవ్ అనే అబ్బాయి పాత రికార్డింగులు శుభ్రం చేస్తాడట. పంపమన్నాడు. పంపాను.

"మమ్మీ, ఆ అమ్మాయి గురించి ఇంత ఎందుకు ఫీలవుతున్నావు?" అంది ఫెబీ.

చరిత్ర కదా, కాపాడొద్దా అన్నాను.

అక్టోబర్ 12

ధృవ్ పంపించాడు. పొయ్యి కట్టేసి, కూర్చుని విన్నాను.

గరగర పూర్తిగా పోయింది. మాటకి ముందు ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. కుర్చీ కిర్రుమంది. 'వచ్చేస్తా' అనేటప్పుడు నవ్వు ఆపుకుంటోంది. ఇన్నేళ్ళుగా ఎవరూ వినని నవ్వు. పిల్ల నా వంటింట్లో, నా పక్క కుర్చీలో ఉంది.

డేల్‌కి వినిపిస్తే కళ్ళు తుడుచుకున్నాడు. స్టేషన్ డెబ్భై ఏళ్ళ పండగ రోజు నుంచి ఇదే వేద్దామన్నాడు. "ఇంక వందేళ్ళైనా చెక్కు చెదరదు మిస్ లూసీ."

ఈయనకి వినిపించాను. పూర్తిగా వినకుండానే, "పేషెంట్ ఒకాయన ఫోన్ చేస్తాడు" అని లేచి వెళ్ళారు. ఎవరూ ఫోన్ చేయలేదు.

అక్టోబర్ 14

మధ్యాహ్నం బట్టలు మడత పెడుతుంటే కారీ మాట్లాడింది. నేను గదిలో ఉన్నాను, రేడియో వంటింట్లో. గంట పూర్తి కావడానికి ఇంకా చాలా టైముంది. వెళ్ళి చూస్తే ప్లగ్ తీసేసి ఉంది. పొద్దున మిక్సీ కోసం నేనే తీశాను.

పదాలు స్పష్టంగా విన్నాను. తెలుగులో అంది. "ఇప్పుడే వచ్చేస్తా మమ్మీ" అని.

సాయంత్రం ఈయనతో చెప్పాను. "నిద్ర సరిగ్గా పోవట్లేదు నువ్వు" అన్నారు. తలుపు దగ్గర ఆగి, "ఆ రేడియో పని చాలించకూడదూ" అన్నారు. పంపిందీ ఈయనే.

ఎవాన్ మెసేజ్ చాలాసార్లు విన్నాను. ఎన్నని లెక్క పెట్టలేదు.

అక్టోబర్ 19

తప్పు చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నోరీన్‌ని పుస్తకం కోసం కారీ ఫోటో అడుగుదామని వెళ్ళాను. ఊరి చివర తెల్ల ఇల్లు. ఎంతో మర్యాదగా లోపలికి పిలిచింది. పీచ్ పళ్ళ తీపి రొట్టె, ఇక్కడివాళ్ళు పై అంటారు, వేడి చేసి పెట్టింది. ఫోటో తెచ్చింది. ముందు పళ్ళు ఊడిన పిల్ల, దూడ మెడ చుట్టూ చేతులు. ఆవిడకి మంచి చేస్తున్నానన్న సంతోషంలో ఉన్నాను నేను. "మీకోసం ఒకటి తెచ్చాను" అని, ముందుగా ఒక్క ముక్క చెప్పకుండా, ఫోన్ బల్ల మీద పెట్టి ధృవ్ శుభ్రం చేసింది వినిపించాను.

ఊపిరి. కుర్చీ. స్టేషన్ పేరు. "ఎక్కడికీ వెళ్ళకండి, ఇప్పుడే వచ్చేస్తా."

నోరీన్ అరవలేదు, ఏడవలేదు. లేచి పొయ్యి ఆపింది. ఆ పొయ్యి ముందే ఆపేసి ఉంది. మళ్ళీ వెలిగించి మళ్ళీ ఆపింది. వరండాలోకి వెళ్ళి స్తంభం పట్టుకుని నిలబడింది. వెనకాలే వెళ్ళాను.

"ఇక నుంచి గంటగంటకీ ఇంత దగ్గరగా వస్తుందా?" అంది.

బల్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ సంచిలో పెట్టేసుకుని వచ్చాను.

"గరగర పెరుగుతుంటే దేవుడు నా మీద దయ చూపిస్తున్నాడనుకున్నా. కొద్దికొద్దిగా తీసుకెళ్ళిపోతున్నాడులే అనుకున్నా." తర్వాత, "నువ్వు వెళ్ళు హనీ. నీ మీద కోపం లేదు. వెళ్ళు" అంది.

కారులో కూర్చున్నాను కానీ తాళం తిప్పలేకపోయాను. తిప్పితే రేడియో మోగుతుంది.

అక్టోబర్ 20

చర్చికి వెళ్ళలేదు.

అక్టోబర్ 21

నా సంగతి వేరు. నేను నా ఇంట్లో నేను వింటాను. ఊరందరికీ వినిపించను.

అక్టోబర్ 24

నోరీన్ మా ఇంటికి వచ్చింది. నేను క్షమాపణ అడగబోతే చెయ్యి ఎత్తి ఆపింది. వెనక పెరట్లో టొమాటో మొక్కల దగ్గర కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఈ మాటలు ఎవరితోనూ అనలేదంది.

ఆ రోజు ట్రక్ నడిపింది వెండెల్. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి. లోతు లేదనుకున్నాడు. అతను కొమ్మ పట్టుకుని బతికాడు. తర్వాత వారం రోజులు నోరు విప్పలేదు. ఎనిమిదో రోజు స్టేషన్‌కి వెళ్ళి ఆ టేపు పెట్టాడు.

"పెళ్ళయ్యాక నన్ను ఒకే ఒక్క కోరిక కోరాడు, అది తియ్యొద్దని. నేనెలా కాదంటాను? అతను నడిపాడు కదా. అది లేకపోతే అతను బతికేవాడు కాదు. దానితో నేను బతకలేకపోయా."

"మరి ఆయన పోయాక?"

"పోయాకా? అప్పటికి అది ఊరిదైపోయింది. పోస్టాఫీసులో పట్టుకుని, 'నోరీన్, పొద్దున్నే మీ అమ్మాయి నన్ను లేపింది' అంటారు. నవ్వుతూ అంటారు. ఏం చెప్పను వాళ్ళకి?"

తర్వాత మొక్కల వైపు చూస్తూ మాట్లాడింది. "మా కారీ లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాగుతూనే ఉండేది. ఎడమచేతి వాటం. బెండకాయ పెడితే కుక్కకి వేసేది. పాములంటే భయం లేదు, సీతాకోకచిలకలంటే భయం. ఎన్ని మాటలాడింది నా బిడ్డ. అన్నిట్లో ఆ ఒక్క మాట మిగిల్చారు. ఆ ఒక్క మాట మిగతావన్నీ తినేసింది లూసీ. ఇప్పుడు నేను గుర్తుచేసుకుందామనుకున్నా అదే వస్తుంది. ఇప్పుడే వచ్చేస్తా, ఇప్పుడే వచ్చేస్తా. మొదటి ఏడాది నిజంగానే తలుపు వేసుకునేదాన్ని కాదు."

కాసేపటికి నన్ను అడిగింది. "మీ అబ్బాయి గొంతు ఉందా నీ దగ్గర?"

ఉందన్నాను. సాయంత్రాలు వింటానని చెప్పాను.

"ప్రేమ్ కూడా వింటాడా?" ఈయన్ని ఊళ్ళో అందరూ ప్రేమ్ అనే అంటారు.

"లేదు. ఆయన చెత్త పెట్టడానికి వెళ్తారు."

నోరీన్ నా వైపు చాలాసేపు చూసింది. ఎందుకలా చూసిందో.

అక్టోబర్ 25

తెలుసు, ఎందుకలా చూసిందో.

అయినా సాయంత్రం విన్నాను. స్పీకర్‌లో కాదు, చెవి దగ్గర పెట్టుకుని. ఈయన అప్పటికే సంచి పట్టుకుని తలుపు దగ్గర ఉన్నారు.

అక్టోబర్ 29

నోరీన్ బాధ డేల్‌తో చెప్పాను. నమ్మలేదు.

"అత్తయ్య ఒక్కసారి కూడా అనలేదు మిస్ లూసీ."

"మనం ఒక్కసారి కూడా అడగలేదు డేల్."

"జనం ఊరుకోరు. ఈ స్టేషన్‌కి మిగిలింది ఆ గొంతే. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. మావయ్యకి మాటిచ్చాను నేను."

"ఆయన లేరు. ఆవిడ ఉంది. గ్రోసరీలోంచి సగంలో బయటికి ఎందుకు వెళ్తుందో ఎప్పుడైనా ఆలోచించావా?"

డేల్ మొహం మారింది. ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు కాబట్టి ఆలోచించలేదు. కారీ, డేల్ ఒకే ఈడువాళ్ళు. కలిసి ఆడుకున్నారు. ఆ సంగతి నాకు ఈ రోజే తెలిసింది.

"నాకూ కావాలి ఆ గొంతు" అన్నాడు చివరికి. నేను లేచి వచ్చేశాను. ఏమనను? నాకూ కావాలి.

నవంబర్ 2

నోరీన్ స్టేషన్‌కి వచ్చింది. కారీ పోయాక మళ్ళీ ఈ గడప తొక్కలేదట. డేల్ కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"డేల్, దాన్ని పోనివ్వు నాన్నా" అంది. అంతే. వాదించలేదు, కారణం చెప్పలేదు.

డేల్ ఆవిడ కంటే ఒక మూరెడు పొడుగు. వంగి ఆవిడ భుజం మీద తల పెట్టుకున్నాడు. నేను పెట్టెల గదిలోకి వెళ్ళిపోయాను. అక్కడికీ వినిపించింది అతని ఏడుపు.

తర్వాత డేల్ అడిగాడు. చివరిసారి వేసేటప్పుడు రేడియోలో నాలుగు మాటలు చెప్దామా, ప్రార్థన చేద్దామా అని. నోరీన్ వద్దంది. "గంట వస్తుంది, పోతుంది. అంతే చాలు."

టేపు, ధృవ్ పంపింది రెండూ డేల్ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక నిమిషం చూసి, "నువ్వుంచుకో. నీకు కావలిస్తే నీ ఇంట్లో విను. నా గిన్నెల మధ్యకి రానివ్వకు" అంది.

నవంబర్ 4

ఈ రోజు నుంచి లేదు. డేల్ తన గొంతుతోనే స్టేషన్ పేరు, ఊరి పేరు చదివి రికార్డ్ చేశాడు. చప్పగా ఉంది. కావాలనే అలా చదివానన్నాడు.

మధ్యాహ్నం దాకా ఫోన్లు తీశాను నేను. ఒకాయన బూతులు తిట్టాడు. ఒకావిడ, నలభై ఏళ్ళుగా ఆ పిల్ల మాట వినే కాఫీ పెట్టుకుంటున్నాను, ఇప్పుడెలా అంది. ఒక ముసలాయన మాత్రం, "నోరీన్ అడిగిందా?" అన్నాడు. అవునన్నాను. "అయితే సరే. మేమే అడగాల్సింది" అని పెట్టేశాడు.

ఇంట్లో గంట పూర్తయినప్పుడల్లా తల ఎత్తుతున్నాను.

నవంబర్ 7

గ్రోసరీలో నోరీన్‌ని చూశాను. నేనున్నట్టు ఆవిడకి తెలియదు. ఉల్లిపాయల దగ్గర ఉంది. గంట అవుతోంది. గడియారం చూసుకుంది. కార్ట్ వదిలి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చింది. రెండు చేతులతో కార్ట్ గట్టిగా పట్టుకుంది.

డేల్ చప్పటి గొంతు స్టేషన్ పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది. వార్తలు మొదలయ్యాయి.

నోరీన్ కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక ఉల్లిపాయ తీసి నొక్కి చూసి, పెట్టేసి, ఇంకోటి తీసుకుంది.

పుస్తకంలో కారీ గురించి రాసిన పేజీ చింపేసి మళ్ళీ రాశాను. ఎడమచేతి వాటం, బెండకాయ, సీతాకోకచిలకలు. ఆ ఒక్క మాట రాయలేదు. ఊరందరికీ అది తెలుసు. మిగతావే తెలియవు.

నవంబర్ 9

నెమ్మదిగా రాయాలి.

సాయంత్రం భోజనం అయ్యాక ఫోన్ తీశాను. వేలు దాని మీద పెట్టి, ఈయన వైపు చూశాను. ఈయన నన్ను చూడట్లేదు. అప్పటికే లేచి చెత్త సంచి ముడి వేస్తున్నారు. సంచిలో ఏమీ లేదు. ఖాళీ సంచికి ముడి వేస్తున్నారు. ఈ ఇంట్లో ఈయన కార్ట్ వదిలేసి బయట నిలబడే మనిషని అప్పుడు నిజంగా చూశాను.

ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టాను.

ఈయన తలుపు దాకా వెళ్ళి ఆగారు. "పెట్టలేదేం?" అన్నారు.

"పెట్టను. మీరు ఇంట్లో ఉన్నప్పుడు ఇంకెప్పుడూ పెట్టను. వచ్చి కూర్చోండి."

వచ్చి కూర్చున్నారు. సంచి ఇంకా చేతిలోనే ఉంది. ఆ గొంతు లేకుండా ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మర్చిపోయాను.

"వాడు నాకు చేశాడు" అన్నారు.

"ఎవరు?"

"ఎవాన్. ఆ రాత్రి. నువ్వు తియ్యలేదని నాకు చేశాడు. ఫార్మసీలో బ్రేక్‌లో ఉన్నా."

కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"ఒకటికి రెండు పొయ్యమన్నా. వీడియో పెట్టాడు. కాసేపటికి మూత తీసి చూపించాడు. ముద్దయిపోయింది. 'డాడీ, ఇది జావలా ఉంది' అని ఒకటే నవ్వు. పెరుగు కలుపుకోరా, అమ్మ పంపిన ఆవకాయ ఉందిగా అన్నా. ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని, మంచం మీద కూర్చుని తిన్నాడు. నేను చూస్తూనే ఉన్నా. మళ్ళీ పెట్టుకున్నాడు."

"తిన్నాడా?"

"తిన్నాడు లూసీ. కడుపు నిండా తిన్నాడు."

నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. ఆయన్ని కొట్టాననుకుంటాను. భుజం మీద, పిడికిలితో. ఇన్నాళ్ళు, ఇన్ని రాత్రులు, ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆయన కదల్లేదు.

"చెబుదామనే అనుకునేవాణ్ణి. నువ్వు అది పెట్టగానే వాడు అడుగుతాడు, మళ్ళీ అడుగుతాడు. వాడి గొంతు విన్నాక నాకు గొంతు వచ్చేది కాదు. బయటికెళ్ళి ఊపిరి పీల్చుకుని, చెబుదామని లోపలికొచ్చేసరికి నువ్వు మళ్ళీ పెట్టేదానివి."

ఆ మాటకి నా చెయ్యి ఆగిపోయింది.

ఇద్దరం ఏడ్చాం. ఎవాన్ పోయాక ఒకే గదిలో ఏడవడం ఇదే మొదలు. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగాను. "ఇంకేం మాట్లాడాడు?"

"చాలా మాట్లాడాడు. జుట్టు కత్తిరించుకోవాలన్నాడు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏదో పగలగొట్టాడట. హంసిక అని ఒక అమ్మాయి నేర్పుతానందట వాడికి, అన్నం ముద్దవకుండా ఎలా వండాలో."

"హంసిక ఎవరు?"

"నాకేం తెలుసు. నేనూ అదే అడిగా. 'జస్ట్ ఎ ఫ్రెండ్, డాడీ' అన్నాడు. చెవులు ఎర్రగా అయ్యాయి."

"మీకు కనిపించాయా చెవులు?"

"కనిపించాయి" అన్నారు. నవ్వారు. ఈ మనిషి నవ్వు నేను చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంకా చెబుతూనే ఉన్నారు. రాయడానికని మధ్యలో లేచి వచ్చాను, మర్చిపోతానేమోనని. వంటింట్లోంచి పిలుస్తున్నారు, ఇంకొకటి గుర్తొచ్చిందట. రేపు ఫెబీకి ఫోన్ చేయాలి. హంసిక ఎవరో దానికి తెలిసే ఉంటుంది.